తీగ దాటని మనిషి

ఆయన పోయిన సంగతి నాకు 'భద్రతే ముందు' అనే వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎవరో ఫొటో పెట్టి, కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు వేశారు. పదకొండు మంది చేతులు జోడించారు. ఒకాయన పొరపాటున బొటనవేలు ఎత్తాడు. అయిదు నిమిషాల తర్వాత మా పాత మేనేజరు అదే గ్రూపులో హెల్మెట్ పెట్టుకున్న కుక్కపిల్ల బొమ్మ పంపాడు. దానికి చాలామంది నవ్వారు. గ్రూపు ఆ విధంగా తేరుకుంది.

ఫొటో కూడా ఆయన ఒక్కడిదీ కాదు. ఏదో సర్టిఫికెట్లు పంచినప్పుడు తీసింది. పక్కవాళ్ళను కత్తిరించేయగా ఆయన భుజం మీద ఇంకెవరిదో చెయ్యి మిగిలిపోయింది.

బేతంచెర్ల దగ్గర ఒక బండల పాలిషు ఫ్యాక్టరీ గేటు పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పట్టపగలు, టీ గ్లాసు చేతిలో ఉండగా పోయాడట. గుండె. సగం జీవితం గ్యాసు బావుల పక్కన గడిపిన మనిషి కుర్చీలో పోవడం భద్రతాపరంగా ఘనవిజయమే. ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆయన పేరు రాయను. ఓబులేసు అని ఒకతను ఇందులో వస్తాడు, అతని అసలు పేరు ఓబులేసు కాదు. బావి కూడా నేను చెప్పబోయే చోట లేదు. ఇంత జాగ్రత్త ఎందుకంటే, కాగితం ప్రకారం ఆయన ఇచ్చిన తప్పుడు ఆదేశం వల్ల ఒక మనిషికి మోకాలి కింద కాలు పోయింది. ఆ కాగితం రాసింది నేను. అందులో ఉన్నది నిజం కాదు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం ఉండేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరం.

బావి ఎర్రగుంట్లకు అవతల, సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు కనిపించేంత దూరంలో ఉండేదనుకోండి. భూమిలో గ్యాసు ఉందేమో చూడటానికి తవ్వింది. మా సీమలో భూమికి రంధ్రం పడిందంటే ఊరు ఊరంతా అడిగే ప్రశ్న ఒకటే. ఒక ముసలి రైతు రోజూ మా కంచె దగ్గరికి వచ్చి అడిగేవాడు.

"పడిందా నాయనా?"

"ఇంకా లేదు తాతా."

"ఎంత దింపినారు?"

అడుగుల్లో చెబితే నమ్మడని మైళ్ళలో చెప్పాను. తాత తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "అంత దింపినా నీళ్ళు పడల్యా? పాపం, ఎవురిదో గానీ సేను" అన్నాడు.

"నీళ్ళు కాదు తాతా, గ్యాసు."

"గ్యాసు సిలిండర్లో వస్తాది గదా. దానికి ఇంత గుంత ఎందుకప్పా?"

నేను అక్కడ సేఫ్టీ ఆఫీసరుని. పొద్దున్నే అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చదివి, చదివానని సంతకాలు తీసుకునే ఉద్యోగం. ప్రమాదం జరగకుండా చూడటం కూడా అందులో భాగమే కాని, దానికి ప్రత్యేకంగా రిజిస్టరు లేదు.

ఆయన వించి ఆపరేటరు. బావిలోకి సన్నటి ఉక్కు తీగ దించే పని. లారీ మీద ఒక డ్రమ్ము, దానికి చుట్టిన మైళ్ళకొద్దీ తీగ. అది లారీ నుంచి మోకాలి ఎత్తున అడ్డంగా సాగి, బావి మొదట్లో కట్టిన కప్పీ తిరిగి పైకెక్కి, మీదున్న ఇంకో కప్పీ మీదుగా బావిలోకి దిగుతుంది. చివర కట్టిన పనిముట్టు లోపలి ఒత్తిడిని, వేడిని కొలుచుకుని వస్తుంది. తీగ అగ్గిపుల్ల కంటే కాస్త లావు. బిగువు మీద ఉన్నప్పుడు అది కదులుతున్నట్టే అనిపించదు. తెగితే అసలు కనిపించదు, ఏం చేసిందో తర్వాత కనిపిస్తుంది.

పొట్టి మనిషి. కళ్ళజోడు జారకుండా వెనక దారం కట్టుకునేవాడు. కేబిన్ దిగి బావి దగ్గరికి పోవాలంటే తీగ దాటితే నాలుగడుగులు. ఆయన మాత్రం లారీ వెనకగా చుట్టూ తిరిగి పోయేవాడు. తీగ బిగువుగా ఉన్నా అంతే, వదులుగా ఉన్నా అంతే, ఇంజను ఆపేసి అందరూ అన్నాలు తింటున్నా అంతే. వానలో ఏం చేస్తాడో చూద్దామనుకున్నాను. మా వైపు ఆ అవకాశం ఒక్కసారే వచ్చింది. అప్పుడూ చుట్టే తిరిగాడు, నిదానంగా, తడుస్తూ.

"అన్నా, డ్రమ్ము ఆగే ఉంది కదా. ఇప్పుడు దాటితే ఏమవుతుంది?" అని అడిగాను.

"ఏం గాదప్పా."

"మరి?"

"ఎప్పుడు ఆగిండాదో ఎప్పుడు తిరుగుతాందో నాకు తెలుస్తాది. నా కాళ్ళకు తెలీదు గదా. వాటికి ఒగటే దోవ నేర్పించినా."

ఆయన పక్కన నడిచేవాళ్ళందరూ ఆయనతో పాటు చుట్టు తిరగాల్సి వచ్చేది. మేనేజరుతో మాట్లాడుతూ వస్తే మేనేజరు కూడా. పెద్ద జీతాలవాళ్ళు ఆయనతో మాట్లాడటం తగ్గించుకోవడానికి అదీ ఒక కారణం.

చిన్నప్పుడు బండల గనిలో పనిచేశాడు. అక్కడ రాయి లేపే ఇనుపమోకు తెగి వాళ్ళ అన్న పోయాడని ఇతరులు చెప్పారు. ఆయన చెప్పలేదు. నేను ఒకసారి కదిలిస్తే, "మోకు మంచిదేనప్పా. పాతది" అని ఊరుకున్నాడు.

రోజూ పని మొదలుపెట్టే ముందు తీగ కొసన మూరెడు కత్తిరించి, ఒక చివర పట్టుకారులో బిగించి, రెండో చివర చేతి చక్రానికి తగిలించి మెలితిప్పేవాడు. ఎన్ని మెలికలకు తెగుతుందో పైకి లెక్కపెట్టేవాడు. ఎక్కువ మెలికలు తట్టుకుంటే తీగలో అంత ప్రాణం ఉన్నట్టు. బాగా తట్టుకున్న రోజు నా వైపు తిరిగి, "సూడప్పా సేఫ్టీ, ఎంత మెలి తిప్పినా ఇరగల్యా. సదువుకున్నట్లుండాది" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఉద్యోగంలో కొత్త.

తీగ దిగే గొట్టం విప్పాలంటే ముందు అందులోని ఒత్తిడిని బయటికి వదిలేయాలి. మీటరు ముల్లు సున్నాకు వస్తే ఎవరైనా విప్పేస్తారు. ఆయన సున్నాకు వచ్చాక చేతులు కట్టుకుని, ఒక కీర్తనలో ఒక చరణం మొత్తం లోపల పాడుకునేవాడు. పెదాలు కదిలేవి. మేనేజరు గడియారం చూసుకునేవాడు.

"ముల్లు జీరో చూపిస్తోంది కదయ్యా?"

"ముల్లు సూపిస్తాది సార్. గ్యాసు యాడ సూపిస్తాది?"

క్రిస్మస్ నెలలో రెండు చరణాలు పాడేవాడు.

ఆయుధపూజ నాడు మిగతావాళ్ళు వించికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. ఈయన చర్చి మనిషి, గొడవ చేస్తాడేమోనని చూశారు. దగ్గరుండి కట్టించాడు. ఒక్కచోట మాత్రం ఆపాడు. "ఆడ కట్టొద్దప్పా. ముల్లుకు అడ్డమొస్తాది. దేవుని దయ ఎంతుండాదో కనపడదు, బరువెంతుండాదో కనపడాల గదా."

టీ హోటల్లో కూడా బావి ఉన్న దిక్కుకు వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. ఇంట్లో బట్టలారేయడానికి ఇనుప తీగ కట్టనిచ్చేవాడు కాదని, నూలు తాడే కట్టాలని, వానాకాలం అది బట్టల బరువుకు నేలకు జారేదని వాళ్ళావిడ నవ్వుతూ చెప్పింది. ఇరవై ఏళ్ళు కోస్తా బావుల మీద చేసిన మనిషికి మా బావి వల్ల తొలిసారి ఆదివారం ఆదివారం ఇంటికి పోయే యోగం పట్టింది. శనివారం సాయంత్రం బస్సెక్కేటప్పుడు గడ్డం గీసుకుని, చొక్కా మార్చుకుని, పెళ్ళికొడుకులా ఉండేవాడు. ఆ పొద్దు మాత్రం నన్ను 'సేఫ్టీ' అని పిలిచేవాడు కాదు, పేరు పెట్టి పిలిచేవాడు.

ఇక ఆయన చెప్పిన పాఠం సంగతి.

బావి దగ్గర చిల్లర పనులకు చుట్టుపక్కల పల్లెల నుంచి పది పన్నెండు మందిని పెట్టుకున్నారు. ఓబులేసు వాళ్ళలో ఒకడు. నలభై ఏళ్ళవాడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, నాలుగెకరాల మెట్ట ఉన్నవాడు. మెట్టకు బోరు వేయించి, నీళ్ళు పడక కూలికి వచ్చాడు. వీళ్ళకు నేను పెద్ద తెర మీద బొమ్మలు వేసి మూడు గంటలు శిక్షణ ఇచ్చాను. బాణం గుర్తులు, ఎర్ర గీతలు, తీగ తెగితే ఏ కోణంలో కొడుతుందో లెక్కలు. చల్లటి గది కాబట్టి అందరూ శ్రద్ధగా నిద్రపోయారు.

ఆయన చివర్లో లేచి నిలబడ్డాడు.

"ఇంట్లో బిడ్డ కింద పండుకోనుంటే దాటుతారా?"

"దాటం" అన్నారు.

"ఏం?"

"బిడ్డ ఎదగదు."

"ఈ తీగ గూడా పండుకున్న బిడ్డ అనుకోండప్పా. అంతే."

కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఒక్కడూ తీగ దాటలేదు. ఓబులేసయితే చేతిలో బరువున్నా లారీ చుట్టూ తిరిగి పోయేవాడు. ఆ వాక్యాన్ని నేను వెంటనే నా బొమ్మల్లో చేర్చుకున్నాను. పై ఆఫీసు నుంచి నాకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. ఆయనకు చూపిస్తే, "బిడ్డ నాది, బారసాల నీది" అన్నాడు.

ఆ పాఠంలో ఒక సగం మేమెవరమూ చెప్పలేదు. చెప్పే పని లేదు, మా ఇళ్ళలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. పొరపాటున బిడ్డను దాటితే పెద్దవాళ్ళు కేకేస్తారు, దాటినవాడు అటునుంచి మళ్ళీ ఇటు దాటుతాడు. దాంతో దోషం పోతుంది. బిడ్డ ఎదుగుతుంది.

కంపెనీ మా అందరికీ ఒక్కో పచ్చ కార్డు ఇచ్చింది. ప్రమాదం అనిపిస్తే ఎవరైనా సరే దాన్ని ఎత్తి పని ఆపొచ్చు, ఎవరూ కారణం అడగరు అని దాని మీద రాసి ఉంది. అందరం మెడలో వేసుకున్నాం. ఆయన ఒక్కడే దాన్ని చదివాడు.

ఒకసారి పై నుంచి పెద్ద ఆఫీసరు వచ్చాడు. కొత్త బూట్లు. ఫొటోలు తీసేవాడి కోసం నవ్వుతూ తీగ వైపు నడిచి ఒక కాలు ఎత్తాడు. డ్రమ్ము ఆగిపోయింది. ఆయన కేబిన్ దిగి, లారీ చుట్టూ తిరిగి, ఆఫీసరు దగ్గరికి వచ్చి కార్డు చూపించాడు.

"సార్, అట్ల పోదాం రండి. శానా దూరం ల్యా."

ఆఫీసరు ఎత్తిన కాలు దించి, ఆయనతో పాటు చుట్టు తిరిగాడు. అందరి ముందూ మెచ్చుకుని సర్టిఫికెట్ ఇచ్చాడు. గ్రూపులో పెట్టిన ఫొటో అదే. భుజం మీది చెయ్యి ఆ ఆఫీసరుదే. ఆఫీసరు కారు కంచె దాటగానే మేనేజరు మమ్మల్ని పిలిచి, ఇకనుంచి కార్డు ఎత్తదలిస్తే ముందు తనని అడిగి ఎత్తమన్నాడు.

"సచ్చేటప్పుడు గూడా అడిగే సావాలేమో" అన్నాడు ఆయన బయటికి వచ్చాక.

ప్రమాదం జరిగిన రోజు పొద్దున తీగ మెలి పరీక్షలో తొందరగా తెగింది. రెండోసారి కత్తిరించి తిప్పాడు, ఇంకా ముందే తెగింది. మూడోసారి తిప్పలేదు. మేనేజరు దగ్గరికి పోయి, అడిగే, కార్డు ఎత్తాడు.

"తీగ సచ్చిపోయిండాది సార్. డ్రమ్ము మార్చల్ల."

"కొత్త డ్రమ్ము దారిలో ఉంది. ఈ రోజు కొలతలు పంపకపోతే నా ఉద్యోగం పోతుంది. తేలికైన పనిముట్టే కదా, దించి తీసెయ్. గట్టిగా లాగొద్దు, సరేనా?"

ఆయన కార్డు వైపు, తీగ వైపు, మేనేజరు వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో నేను చెప్పలేను. తర్వాత కార్డు జేబులో పెట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా మెడలోనూ ఒక కార్డు ఉంది. దానికి దుమ్ము పట్టకుండా ప్లాస్టిక్ తొడుగు వేయించుకున్నాను.

పనిముట్టు దిగింది, కొలిచింది, పైకి వస్తూ ఎక్కడో తట్టుకుంది. మేనేజరు బావికి అవతలి వైపు ఎండలో నిలబడి లాగమని చెయ్యి ఊపాడు. ఆయన కొంచెం కొంచెంగా బిగించాడు. తీగ బిగుసుకుంది. మేనేజరుకు ఎండ ఎక్కువైంది.

"ఓబులేసూ, ఆ గొడుగు ఇట్లా తీసుకురా! త్వరగా!"

త్వరగా అన్నది మేనేజరు. ఓబులేసు గొడుగు పట్టుకుని, తీగ దగ్గరికి ఎవరూ రాకుండా అడ్డం కట్టిన రిబ్బను కింద దూరి, తీగ దాటి పరిగెత్తాడు. రెండడుగులు వేశాక గుర్తొచ్చింది. ఆగి, వెనక్కి తిరిగాడు. కేబిన్ అద్దం వెనక ఆయన ఒక చేత్తో తీగ వదులు చేస్తూ, రెండో అరచెయ్యి ఎత్తి, ఉన్నచోటే ఆగమని చూపిస్తున్నాడు. ఓబులేసు ముఖంలో ఆ క్షణం ఉన్నది భయం కాదు, సిగ్గు. ఇంట్లో పెద్దవాళ్ళు చూసినప్పుడు ఉండే సిగ్గు.

అటునుంచి మళ్ళీ ఇటు దాటాడు.

తీగ తెగిన చప్పుడు పెద్దదేమీ కాదు. గొడుగు మాత్రం చాలా దూరం పోయింది.

విచారణ నాదే. నివేదికలో 'ప్రమాదానికి మూలకారణం' అని ఒక గడి ఉంది. గడి చిన్నది. అందులో మనిషి పడతాడు, కంపెనీ పట్టదు. సలహా ఇవ్వడానికి వచ్చిన లాయరు నాకు మర్యాదగా వివరించాడు. తీగ దాటకూడదని నేర్పించాక కూడా తెలిసి తెలిసి దాటాడని తేలితే, పోయిన కాలుకు పరిహారం ఇవ్వనక్కర్లేదని వాదించవచ్చట. "మీ శిక్షణ రిజిస్టరు చాలా బాగుంది" అని మెచ్చుకున్నాడు. అందులో ప్రతి పేజీలోనూ ఓబులేసు సంతకం ఉంది. కొత్తగా నేర్చుకున్న సంతకం, కష్టపడి పెట్టేవాడు.

ఆ సాయంత్రం ఆయన నా గదికి వచ్చాడు.

"ఏం రాస్తాండావప్పా?"

చెప్పాను. తీగ పాతదని, పరీక్షలో తెగిందని, అయినా పని ఆపలేదని.

"రాయి. ఉంచుతారా?"

"ఉంచకపోతే సంతకం పెట్టను."

ఆయన నవ్వాడు. "నువ్వు పెట్టకుంటే ఇంగొగడు పెడ్తాడు. వానికి ఓబులేసు ఎవురో గూడా తెలీదు. ఇనుకో. వాడు దాటింది ఒగసారి కాదు, రెండుసార్లు. మొదటిది గొడుగు కోసరం. రెండోది నేను ఎనక్కి దాటమన్నందుకు."

"మీరు అనలేదన్నా. ఆగమని చెయ్యి ఎత్తారు. నేను చూశాను."

"నువ్వు సూసింది నువ్వు రాసుకో, యాడన్నా. ఈడ ఇది రాయి. ఆపరేటరు చెప్పినాడు, వాడు చెప్పినట్ల చేసినాడు. మాట ఇన్నోన్ని తప్పు పట్టలేరు గదా?"

"మీ ఉద్యోగం పోతుంది. ఇంకే కంపెనీ తీసుకోదు."

"వాని కాలు మొలుస్తాదా?"

నేను పెన్నుకు మూత పెట్టాను.

"బిడ్డా బిడ్డా అని వానికి నూరిపోసింది ఎవురు? పొద్దున కార్డు ఎత్తింది ఎవురు, దించింది ఎవురు? అది రాసేదానికి మీ దాంట్లో గడి ల్యా. దీనికుండాది. నింపు."

విచారణలో చెప్పడానికి ఒక వాక్యం రాసిమ్మన్నాడు. రాసిచ్చాను: 'ఆ అయోమయంలో, వెనక్కి దాటు ఓబులేసూ అని నేనే కేకేశాను.' కాగితం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు. కడప ఆసుపత్రికి పోయి ఓబులేసుకూ అదే చెప్పి వచ్చాడు. ఓబులేసు వద్దని ఏడ్చాడట. "ఏడ్చేదానికి కాళ్ళు అవసరం ల్యా గానీ, సేద్యానికి కావాల గదరా" అన్నానని నాకు చెప్పాడు. నాతో ఒక ఒట్టు వేయించుకున్నాడు. వాళ్ళింట్లో కూడా చెప్పకూడదు. "మా ఆడమనిషి చర్చి సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పే మనిషి. అబద్ధం ఆడమంటే ఆడలేదు. తెలీకుంటే ఆ తిప్పలే లేదు."

తీగ గురించి నేను రాసిన పేరా పై ఆఫీసుకు పోయి, తిరిగి వచ్చినప్పుడు కనిపించలేదు. మిగతాదంతా చక్కగా ఉంది. సంతకం పెట్టాను. ఎంత మెలి తిప్పినా విరగలేదు. మేనేజరును వేరే చోటికి బదిలీ చేసి, శిక్షణ విభాగం అప్పగించారు. పండుకున్న బిడ్డ బొమ్మను మేనేజరు ఇప్పటికీ వాడుతున్నాడని విన్నాను.

ఓబులేసు బావమరుదులు ట్రాక్టరు కట్టుకుని ఈయన ఊరికి పోయారు. ఇంటి ముందు నిలబడి, పొద్దెక్కేదాకా తిట్టారు. ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడట. ఒకడు అలిసిపోతే నీళ్ళిచ్చాడట. వాడు తాగి మళ్ళీ మొదలుపెట్టాడట. తర్వాత ఆదివారం చర్చిలో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. రెండు, మూడు కంపెనీలకు పోయి అడిగాడు. అందరికీ నా నివేదిక ముందే అందింది. భద్రత విషయంలో మా కంపెనీలన్నీ ఒకరికొకరు బాగా సహకరించుకుంటాయి.

ఒకసారి ఆయన్ని చూడటానికి బేతంచెర్ల పోయాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు, మనిషి మొత్తం బండల దుమ్ము. వాచ్‌మన్ పని లోపలికి వచ్చే లారీల నంబర్లు రాసుకోవడమే. కాని నేను ఉన్న గంటలో నాలుగుసార్లు లేచి పోయాడు, బండలెత్తే గొలుసు కింద నిలబడ్డవాళ్ళను తిట్టి అవతలికి పంపడానికి.

"నీకేం పనిలే, గేటు సూసుకో పోప్పా" అన్నాడొకడు.

"గేటు యాడికీ పోదులే. నువ్వు ఇట్ల రా."

వాడు గొణుక్కుంటూ జరిగాడు. ఆయన తిరిగి వచ్చి కూర్చుని, ఓబులేసుకు కొయ్యకాలు పెట్టారా అని అడిగాడు. పెట్టారని చెప్పాను. కింది కోర్టు పరిహారం ఇవ్వమందని, కంపెనీ పైకోర్టుకు పోయిందని చెప్పాను.

"సేద్యం చేస్తాండాడా?"

"చేయిస్తున్నాడు. గట్టు మీద నిలబడి."

"నిలబడ్తాండాడు గదా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. నా ఉద్యోగం గురించి అడగకపోవడం నాకు తేలిగ్గా అనిపించింది.

గ్రూపులో ఫొటో చూసిన మర్నాడు వాళ్ళ ఊరు పోయాను. సమాధి చేసే చోట జనం పలచగా ఉన్నారు. పాస్టరు ప్రార్థన చేస్తుండగా ఆటో వచ్చి ఆగింది. ఓబులేసు కర్ర పట్టుకుని దిగాడు. అందరూ చూశారు. "సూడు, కాలు తీసినోని సావుకు గూడా వచ్చినాడు. ఎంత పెద్ద మనసప్పా" అన్నారెవరో నా వెనక. పాస్టరు కూడా ఆ సంగతి గమనించి, క్షమాపణ గురించి నాలుగు మంచి మాటలు కలిపాడు. ఓబులేసు తల ఎత్తలేదు. నా వైపు చూడలేదు, నేను కూడా అతని వైపు చూడలేదు. అంతా అయ్యాక ఆయన భార్య దగ్గరికి పోయి, కర్ర పక్కన పెట్టి, ఆ కొయ్యకాలితో వంగబోయి పడ్డాడు. ఇద్దరు పట్టుకుని లేపారు.

ఇంటికి వచ్చాక ఆమె నన్ను పెరట్లోకి పిలిచింది. ఏడవడం లేదు. చేతిలో చెంబు ఉంది, నాకు కాళ్ళు కడుక్కోవడానికి.

"ఆ పొద్దు మీరు ఆడనే ఉండిరంట గదా సార్?"

"ఉన్నానమ్మా."

"మా ఇంటాయన ఎనక్కి దాటమన్న్యాడా?"

"ఆ అయోమయంలో, వెనక్కి దాటు ఓబులేసూ అని ఆయనే కేకేశాడమ్మా."

చెంబు నా చేతికిచ్చింది. నేను కాళ్ళు కడుక్కున్నాను. ఆమె తాడు మీద ఆరిన ఆయన చొక్కాలు రెండు తీసి మడతపెడుతూ మాట్లాడింది.

"ఆయన గూడా ఇదే చెప్పినాడు. ఎన్నిసార్లు అడిగినా ఇదే. ఆ అయోమయం కాడ నుంచి, అచ్చరం తేడా ల్యాకుండా. కండ్లతో సూసినోళ్ళు ఇద్దరు చెప్తే, యాడో ఒగచోట తేడా వస్తాది సార్."

నేను చెంబు కింద పెట్టాను.

"ఆ ఓబులేసు గూడా. మన్నించేదానికి వచ్చినోడు నా కాళ్ళ మీద యాల పడ్తాడు?"

"అమ్మా..."

"వద్దులే సార్. ఆయనకు మాటిచ్చింటారు." చొక్కాలు చంకలో పెట్టుకుంది. "ఆ కోర్టు ఎప్పుడు తెగుతాదంట?"

"చెప్పలేమమ్మా. వాయిదాలు పడుతున్నాయి."

"తెగినాక రాండి. అప్పుడు అడుగుతా. సంఘంలో నిలబడి ఒగ మాట చెప్పాల నేను."

పోయిన నెల వాయిదా ఉండింది. జడ్జి సెలవు పెట్టాడు.